కాళ్ల మీద ఉబ్బిన నరాలు: ఎప్పుడు చికిత్స కావాలి, ఏ చికిత్స కావాలి, ఆరోగ్యశ్రీలో ఎలా చేయించుకోవాలి

పోయిన ఏడాది ఒక సోమవారం ప్రజావాణికి ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్లకు పైగా టిఫిన్ సెంటర్‌లో పెనం ముందు నిలబడి దోసెలు పోసింది. ఎడమ చీలమండకు పాత చీర ముక్క చుట్టుకుని ఉంది. చేతిలో వికలాంగుల పింఛను దరఖాస్తు. "నాలుగేండ్ల సంది పుండు మానుతలేదు సారూ. నిలబడితే కాలు బరువెక్కుతది. పనికి రావద్దన్నరు" అంది. ఆర్‌ఎంపీ దగ్గర కట్లు, మెడికల్ షాపు ఆయింట్‌మెంట్లు, పక్కూరి నాటు మందు అన్నీ అయిపోయాయి. షుగర్ పుండేమోనని రెండుసార్లు రక్తం చూపించుకుంది. షుగర్ లేదు.

వైద్య ఆరోగ్య శాఖ టేబుల్ దగ్గరున్న డాక్టర్ గారు ముందు ఆ కట్టు విప్పించలేదు. చీర మోకాలి పైకి జరపమన్నారు. మోకాలి లోపలి వైపు నుంచి పిక్క మీదుగా చీలమండ దాకా, వేలంత లావున మెలికలు తిరిగిన నీలం తీగ కనిపించింది. "పుండు కింద ఉంది, జబ్బు పైన ఉంది" అన్నారాయన. పింఛను కాగితం పక్కన పెట్టి సర్జన్‌కు రాసిచ్చారు.

మన జిల్లాలో ఇలాంటి కాళ్లు చాలా ఉన్నాయి. సాంచాల దగ్గర నిలబడేవాళ్లు, హోటల్ మాస్టర్లు, కండక్టర్లు, ట్రాఫిక్ డ్యూటీ చేసేవాళ్లు, బట్టల షాపుల్లో పొద్దంతా కూర్చోకుండా పనిచేసే ఆడపిల్లలు, టీచర్లు. వీళ్లలో కొందరు చేయించుకోవాల్సిన చికిత్స చేయించుకోవడం లేదు. మరికొందరు అవసరం లేని దానికి అప్పు చేసి డబ్బు పోస్తున్నారు. ఈ రెండు తప్పులూ తగ్గాలనే ఈ పీడీఎఫ్. డాక్టర్ మాటకు ఇది బదులు కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలు.

ముందు "నరం" అనే మాట సంగతి

మనం నరం అంటే రెండింటినీ అనేస్తాం. మెదడు నుంచి కబురు మోసేది నరమే, చేతి మీద నీలంగా కనిపించే రక్తనాళమూ నరమే. ఇంజక్షన్ ఇచ్చే నర్సమ్మ కూడా "నరం దొరకడం లేదు" అంటుంది. ఆమె వెతికేది రక్తనాళం. పుస్తకాల్లో దాన్ని సిర అంటారు. ఒంట్లోని చెడు రక్తాన్ని తిరిగి గుండెకు తీసుకెళ్లే గొట్టం.

మాట ఒక్కటే కావడంతో వచ్చే నష్టం చిన్నది కాదు. కాలి మీద సిర ఉబ్బితే కొందరు నరాల డాక్టర్ దగ్గరికి వెళ్తారు, నరాల బలానికి విటమిన్ ఇంజక్షన్లు వేయించుకుంటారు. అంతకంటే పెద్ద నష్టం ఏంటంటే, సర్జన్ "ఈ నరం తీసేయాలి" అనగానే భయపడి ఇంటికి వచ్చేస్తారు. "నరం కోస్తే కాలు పడిపోతదట గద బిడ్డా" అని ఆ దోసెల అమ్మ కూడా నన్ను అడిగింది.

పడిపోదు. చర్మం కింద పైపైన ఉండే ఈ సిరలు మోసేది కాలి రక్తంలో కొద్ది భాగమే. దాదాపు 90 శాతం లోపల కండరాల మధ్య ఉన్న పెద్ద సిరల గుండానే పోతుంది. పైన చెడిపోయిన దారి మూసేస్తే రక్తం లోపలి మంచి దారి పట్టుకుంటుంది. ఇంకో గుర్తు చెప్తాను. మీ ఊళ్లో గుండె బైపాస్ ఆపరేషన్ అయినవాళ్లు ఉంటే వాళ్ల కాలు చూడండి, చాలామందికి పొడవాటి మచ్చ ఉంటుంది. గుండెకు అతికించడానికి డాక్టర్లు అక్కడి నుంచి తీసింది ఈ సిరనే. వాళ్లు మామూలుగానే నడుస్తున్నారు కదా.

ఫుట్‌వాల్వ్ పోయిన మోటారు

వ్యవసాయం తెలిసినవాళ్లకు ఈ జబ్బు అర్థం కావడం తేలిక. బావిలోకి దింపిన పైపు అడుగున ఫుట్‌వాల్వ్ ఉంటుంది. పైకి ఎక్కిన నీళ్లను కిందికి జారనివ్వదు. అది అరిగిపోతే మోటారు ఆపగానే నీళ్లన్నీ బావిలోకే పోతాయి.

కాలి సిరల్లో అలాంటి చిన్న చిన్న వాల్వులు వరసగా ఉంటాయి. పాదం నుంచి గుండె దాకా రక్తం పైకి ఎక్కాలి. ఎక్కించే మోటారు మన పిక్క కండరం. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగుసుకుని రక్తాన్ని పైకి నెడుతుంది, వాల్వులు దాన్ని కిందికి రానివ్వవు. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి 80 నుంచి 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. బీపీ మిషన్‌లో చూసే మిల్లీమీటర్లే ఇవి. నడిస్తే, వాల్వులు బాగుంటే, అది 30 దగ్గరికి పడిపోతుంది. వాల్వులు పోయినవాళ్లకు నడిచినా సరిగా తగ్గదు. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడి మోసిన సిర సాగి, మెలికలు తిరిగి పైకి ఉబ్బుతుంది. దీన్నే డాక్టర్లు వెరికోస్ వెయిన్స్ అంటారు.

అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పులు, వయసు, బరువు, గంటల తరబడి నిలబడే పని, ఇంతకుముందు కాలి లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండటం, ఇవన్నీ తోడవుతాయి. గర్భిణికి కొత్తగా కనిపిస్తే కంగారు పడొద్దు. కాన్పు అయిన కొన్ని నెలల్లో చాలామందికి తగ్గుతాయి, కాబట్టి సాధారణంగా అప్పటిదాకా ఆపరేషన్ జోలికి వెళ్లరు.

సన్న గీతలు వేరు, ఉబ్బిన సిర వేరు

తొడ మీద, మోకాలి పక్కన, చీలమండ దగ్గర ఎర్రగానో ఊదాగానో సాలెగూడు లాంటి సన్న గీతలు కొందరికి వస్తాయి. ఒక మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటాయి, చేతితో తడిమితే తగలవు. ఇంగ్లిష్‌లో స్పైడర్ వెయిన్స్ అంటారు. వీటివల్ల ప్రాణానికి గానీ కాలికి గానీ ప్రమాదం లేదు. నొప్పి, వాపు ఏమీ లేకుండా గీతలు మాత్రమే ఉంటే అది చూపుకు సంబంధించిన విషయం.

తీయించుకోవాలనుకుంటే దారి ఉంది. చాలా సన్నని సూదితో ఆ గీతల్లోకి మందు ఎక్కిస్తారు, లోపలి గోడలు అతుక్కుని కొన్ని వారాల్లో వెలిసిపోతాయి. ఒక్కసారితో అవదు, రెండు మూడు సిట్టింగులు పడతాయి. మన రంగు చర్మం మీద కొందరికి గోధుమ రంగు మరక మిగిలి నెలల తరబడి ఉంటుంది. కొన్నాళ్లకు పక్కన కొత్త గీతలు రావచ్చు. పైనుంచి కొట్టే లేజర్ కూడా ఉంది గానీ, కాళ్ల మీద సూది మందే ఎక్కువగా పనిచేస్తుంది. అందం కోసం చేయించుకునేవి ఆరోగ్యశ్రీలోకీ రావు, ఆయుష్మాన్ భారత్‌లోకీ రావు. సొంత డబ్బు పెట్టుకోగలిగినవాళ్లు పెట్టుకోవచ్చు, తప్పేం లేదు. "ఇప్పుడు తీయించుకోకపోతే పుండు పడుతుంది" అని ఎవరైనా భయపెడితే మాత్రం అక్కడి నుంచి లేచి రండి. పెళ్లి కుదిరిన అమ్మాయికి మోకాలి పక్క గీతల కోసం నెలకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన ఇల్లు నాకు తెలుసు.

ఒక్క జాగ్రత్త. చీలమండ లోపలి వైపు ఈ గీతలు గుత్తులుగా విసనకర్రలా పరుచుకుని, సాయంత్రానికి కాలు వాస్తుంటే లోపల పెద్ద సిర వాల్వు పోయి ఉండొచ్చు. అప్పుడు స్కాన్ చేయించాలి.

చేతికి తగిలేలా, మూడు మిల్లీమీటర్లు అంతకంటే లావుగా ఉబ్బిన సిర అయితే అది జబ్బే. ఇది ఒక్కసారిగా ముదరదు. మొదట ఉబ్బు, సాయంత్రానికి కాలు బరువు, లాగినట్టు నొప్పి, రాత్రి పిక్క పట్టేయడం. తర్వాత చీలమండ వాపు, పొద్దున్నే లేస్తే తగ్గి ఉంటుంది. ఆ తర్వాత చీలమండ పైన దురద, చర్మం నల్లబడటం, గట్టిపడటం. ఆఖరున పుండు. ఎవరికి ఎంత వేగంగా ముదురుతుందో ముందే చెప్పలేం, చాలామంది మొదటి మెట్టు మీదే ఏళ్లు గడిపేస్తారు. కానీ చర్మం నల్లబడిందంటే ఇక ఆగే సమయం కాదు. దాన్ని గజ్జి అనుకుని ఆయింట్‌మెంట్ రాస్తూ కూర్చోకండి.

వీటికి మాత్రం ఆలస్యం వద్దు

ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే చూసేవాళ్లకు భయమేస్తుంది, స్నానం చేసేటప్పుడు ఎక్కువగా జరుగుతుంది. నిలబడి ఉండొద్దు, కుర్చీలో కూర్చోవద్దు. వెంటనే నేల మీద పడుకోబెట్టి, కాలు గుండె కంటే ఎత్తుగా పెట్టి, శుభ్రమైన గుడ్డతో ఆ చోట గట్టిగా పది పదిహేను నిమిషాలు వదలకుండా అదమండి. పైన తాడు కట్టొద్దు. ఈలోగా 108కి ఫోన్ చేయించండి.

ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి, పిక్క గట్టిపడి నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆ కాలిని నూనె పెట్టి మర్దన చేయొద్దు. దానికి తోడు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108.

సర్జన్ చెప్పకముందే స్కాన్ కాగితం ఉండాలి

కంటికి కనిపించే ఉబ్బు అసలు చోటు కాకపోవచ్చు. పాడైన వాల్వు గజ్జల్లో ఉండొచ్చు, మోకాలి వెనక ఉండొచ్చు. అది కనిపెట్టేది కాళ్ల డాప్లర్ స్కాన్. కడుపుకు తీసే స్కాన్ లాంటిదే, సూది లేదు, రేడియేషన్ లేదు. రోగిని నిలబెట్టి చూస్తారు, ఎందుకంటే పడుకుంటే రక్తం వెనక్కి జారడం సరిగా దొరకదు. లోపలి పెద్ద సిరలు తెరిచి ఉన్నాయా, అక్కడ పాత గడ్డ ఏమైనా ఉందా అనేది కూడా ఇందులోనే తేలుతుంది. లోపలి దారి మూసుకుపోయి ఉంటే పైన ఉన్న సిర మూయడం ప్రమాదం కావచ్చు. అందుకే డాప్లర్ చేయకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చే చోట రెండో మాట కోసం ఇంకో డాక్టర్‌ను అడగండి.

బిగుతు సాక్సులు, మాత్రలు, నడక

మొదట ఎవరైనా చెప్పేవి ఇవే. రోజూ నడక, నిలబడి పనిచేసేటప్పుడు అరగంటకోసారి పాదం మునివేళ్ల మీద లేచి దిగడం, సాయంత్రం కాళ్లు గుండె కంటే ఎత్తుగా దిండ్ల మీద పెట్టి పడుకోవడం, బరువు తగ్గడం. ఇవి ఖర్చు లేనివి, పనిచేసేవి.

మెడికల్ షాపుల్లో దొరికే బిగుతు సాక్సులు చీలమండ దగ్గర ఎక్కువ బిగుతుగా, పైకి పోయేకొద్దీ తక్కువ బిగుతుగా ఉండేలా నేస్తారు. పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, రాత్రి తీసేయాలి. కొలత తీసుకుని కొనాలి, ఆరు నెలలకు సాగిపోతాయి. మన ఎండల్లో, పొయ్యి ముందు పనిచేసేవాళ్లు వీటిని రోజంతా వేసుకోవడం కష్టమే, అది నాకు తెలుసు. బీరువాలో దాచుకున్న సాక్సు పనిచేయదు. మోకాలి దాకా వచ్చేదే చాలామందికి సరిపోతుంది, తొడ దాకా వచ్చేదాని కంటే భరించడం సులువు. అయితే షుగర్ ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు, నడిస్తే పిక్క పట్టేసి ఆగితే తగ్గేవాళ్లు డాక్టర్‌కు చూపించకుండా వేసుకోవద్దు. కాలికి మంచి రక్తం తెచ్చే ధమని మూసుకుపోయి ఉంటే బిగుతు వల్ల కాలికే ముప్పు.

డయోస్మిన్ లాంటి మాత్రలు బరువు, వాపు కొంత తగ్గిస్తాయి. పోయిన వాల్వును ఏ మాత్రా, ఏ నూనే బాగుచేయదు. సాక్సు కూడా బాగుచేయదు, తీసేసిన రోజు నుంచి మళ్లీ మామూలే. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2013లోనే ఒక మాట తేల్చాయి: నొప్పి, వాపు ఉన్నవారిని స్పెషలిస్టుకు పంపాలి, చికిత్స చేయడానికి వీలున్నవాళ్లకు సాక్సుతో సరిపెట్టొద్దు.

చెడిపోయిన సిరను మూసే దారులు

పాతది ఓపెన్ ఆపరేషన్. గజ్జల్లో చిన్న కోత పెట్టి, పైసిర లోపలి సిరలో కలిసే చోట ముడి వేసి, చెడిన సిరను లాగి తీసేస్తారు. ఆ ముడి వేయడాన్ని 19వ శతాబ్దం చివర్లో జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ వివరించారు, ఇప్పటికీ ఆస్పత్రి కాగితాల మీద ఆయన పేరే రాస్తారు. నడుముకు మత్తు ఇస్తారు. వారం రెండు వారాలు పనికి వెళ్లలేరు, తొడ మీద కమిలిన మచ్చలు ఉంటాయి. పాత పద్ధతి కదా అని చిన్నచూపు చూడకండి. మన జిల్లా ఆస్పత్రుల్లో సర్జన్ల చెయ్యి తిరిగింది దీనిమీదే, సరిగ్గా చేస్తే ఫలితం బాగుంటుంది.

తర్వాత వచ్చినవి వేడితో మూసే పద్ధతులు. మోకాలి దగ్గర సూది రంధ్రం గుండా సన్న తీగను స్కాన్‌లో చూస్తూ పైదాకా పంపి, చుట్టూ తిమ్మిరి మందు ఎక్కించి, తీగను వెనక్కి లాగుతూ సిరను లోపల నుంచి వేడితో మూసేస్తారు. వేడి లేజర్‌తో వస్తే లేజర్ పద్ధతి, రేడియో తరంగాలతో వస్తే ఆర్‌ఎఫ్ పద్ధతి. రోగికి రెండింటి మధ్య తేడా తక్కువ. కోత లేదు, అదే రోజు నడిపిస్తారు, కొద్ది రోజుల్లో పనికి వెళ్లొచ్చు. నేను చెప్పిన ఆ బ్రిటన్ మార్గదర్శకాలు మొదట దీన్నే చేయమంటాయి, కుదరకపోతే ఫోమ్, అదీ కుదరకపోతే ఓపెన్ ఆపరేషన్. మెలికలు బాగా తిరిగిన సిరలోకి తీగ ఎక్కదు, అప్పుడు వేరే దారి చూడాలి.

ఫోమ్ అంటే మందును గాలితో కలిపి నురగ చేసి సూదితో సిరలోకి పంపడం. మత్తు అక్కర్లేదు, ఖర్చు తక్కువ, ముసలివాళ్లకు, ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకు అనువు. పెద్ద సిరల్లో మళ్లీ తెరుచుకునే అవకాశం మిగతా వాటికంటే ఎక్కువ. బ్రిటన్‌లో 798 మంది మీద చేసిన అధ్యయనం ఐదేళ్ల ఫలితాలు 2019లో వచ్చాయి. లేజర్ లేదా ఓపెన్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఫోమ్ వాళ్లకంటే మెరుగ్గా ఉన్నారని అందులో తేలింది. జిగురుతో సిరను అతికించే పద్ధతి కూడా వచ్చింది, దాని ఖర్చు ఎక్కువ.

పిక్క మీద మిగిలే ఉబ్బు ముక్కలను రెండు మూడు మిల్లీమీటర్ల గాట్లతో కొక్కెం పెట్టి తీసేస్తారు, అసలు చికిత్సతో పాటే అయిపోతుంది. ఏ పద్ధతిలోనైనా కమిలిపోవడం, చీలమండ దగ్గర కొన్నాళ్లు మొద్దుబారడం, అరుదుగా లోపల రక్తం గడ్డ కట్టడం ఉండొచ్చు. కొన్నేళ్లకు వేరే సిర ఉబ్బొచ్చు కూడా. "మళ్లీ జన్మలో రాదు" అని గ్యారంటీ ఇచ్చేవాళ్లను నమ్మొద్దు.

పుండు ఉన్నవాళ్లు ఇది తప్పక చదవండి

పుండు మానాక ఆపరేషన్ చేద్దాం అనే మాట మన దగ్గర మామూలు. పుండుకు కట్టు కట్టాలి, అది నిజం. పాదం వేళ్ల దగ్గర మొదలుపెట్టి మోకాలి కింద దాకా, పొరలు పొరలుగా, నేర్చినవాళ్లు బిగించి కట్టే కట్టు. పుండు మీద మాత్రమే గుండ్రంగా చుట్టే గుడ్డ వల్ల ఉపయోగం లేదు. అయితే కట్టు ఒక్కటే సరిపోతుందా?

బ్రిటన్‌లోనే 450 మంది పుండు రోగుల మీద ఒక అధ్యయనం చేశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. అందరికీ బిగుతు కట్టు కట్టారు. సగం మందికి రెండు వారాల్లోపే చెడిన సిరను మూసేశారు, మిగతావాళ్లకు పుండు మానాక, లేదంటే ఆరు నెలలు ఆగి చేశారు. ముందే మూసిన గుంపులో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది. ఆగిన గుంపులో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది. 26 రోజులంటే రోజు కూలీ ఇంట్లో ఒక నెల సంపాదన. కాబట్టి పుండు ఉన్నా సరే, "ఇప్పుడే సిర మూయడానికి వీలవుతుందా" అని అడగండి.

దోసెల అమ్మకు ఎడమ కాలికి ఓపెన్ ఆపరేషనే జరిగింది, ఆరోగ్యశ్రీలోనే. తర్వాత రెండు నెలలకు పైగా ప్రతి వారం కట్టు. ఇప్పుడు అక్కడ నల్లటి మచ్చ ఉంది, పుండు లేదు. కుడి కాలికి కూడా మొదలైంది, దానికి స్కాన్ తీయించుకోమని పోరుతున్నాం. "పండుగ అయినంక చూద్దాం" అంటోంది.

ఆరోగ్యశ్రీలో ఎలా

మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షల దాకా చికిత్స ఉచితం. వెరికోస్ వెయిన్స్ ఆపరేషన్ పథకంలో ఉన్న చికిత్సే. అన్ని ఆస్పత్రులూ చేయవు. ఆ విభాగం ఉన్న, పథకంలో చేరిన ఆస్పత్రికే వెళ్లాలి. 104కి ఫోన్ చేస్తే మీకు దగ్గర్లో ఏ ఆస్పత్రి ఉందో చెప్తారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో జనరల్ సర్జరీ ఓపీకి నేరుగా వెళ్లొచ్చు. క్లిష్టమైన కేసుల్ని హైదరాబాద్ నిమ్స్‌లో రక్తనాళాల సర్జరీ విభాగానికి పంపుతారు.

రేషన్ కార్డు, ఆధార్, పాత చీటీలు, స్కాన్ కాగితాలు ఉంటే అవి కూడా తీసుకెళ్లండి. కార్డులో రోగి పేరు ఉండాలి. కొత్త కోడళ్ల విషయంలో ఇక్కడే ఎక్కువగా ఆగిపోతుంది, పుట్టింటి కార్డులో తీసేసి ఉంటారు, అత్తింటి కార్డులో చేర్చి ఉండరు. కాలు నొప్పి మొదలవకముందే మీసేవలో ఆ పని పూర్తిచేసుకోండి.

ఆస్పత్రిలో అడుగుపెట్టగానే ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుందో అడగండి. బిల్లింగ్ కౌంటర్‌కు ముందు వెళ్తే నగదు పేషెంటుగా రాసేస్తారు, ఆ తర్వాత మార్చడం తలనొప్పి. మిత్ర మీ కార్డు చూసి నమోదు చేస్తారు, డాక్టర్ పరీక్ష చేస్తారు, డాప్లర్ తీస్తారు. ఆపరేషన్ అవసరమని తేలితే కాలు ఫొటోలు, స్కాన్ రిపోర్టు ఆరోగ్యశ్రీ ట్రస్టుకు ఆన్‌లైన్‌లో పంపి అనుమతి తీసుకుంటారు. అనుమతి వచ్చాకే ఆపరేషన్. ఇది ప్రాణాపాయ కేసు కాదు కాబట్టి కొన్ని రోజులు పట్టొచ్చు, ఆ గ్యాప్‌లో కంగారుపడి నగదు కట్టేయొద్దు.

అనుమతి పొందిన చికిత్సకు ఆస్పత్రి మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. మందులు, మత్తు, గది, భోజనం అన్నీ ప్యాకేజీలోవే. అయినా ఒక మాట తరచూ వినిపిస్తోంది: "ఆరోగ్యశ్రీలో పాత ఆపరేషనే, లేజర్ కావాలంటే పైన ఇంత కట్టండి" అని. అలా అన్నప్పుడు ఆరోగ్యమిత్రను పక్కకు పిలిచి రెండు ప్రశ్నలు అడగండి. నా పేరు మీద ఏ చికిత్సకు అనుమతి తెచ్చారు? ఆ కోడ్‌లో ఏ పద్ధతి ఉంది? ఆ పేరు కాగితం మీద రాయించుకోండి. లేజర్ లేదంటే ఓపెన్ ఆపరేషన్ చేయించుకోవడం అన్యాయమేమీ కాదు, పైన చెప్పాను కదా. డబ్బు అడిగితే రసీదు అడగండి, రసీదు ఇచ్చినా ఇవ్వకపోయినా 104కి ఫిర్యాదు చేయండి. మాకు కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చినా జిల్లా ఆరోగ్యశ్రీ అధికారికి చేరుతుంది.

ఫ్యాక్టరీ కార్మికులకు ఈఎస్ఐ ఉంటే ఆ దారి వేరు, ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచి రిఫరల్ తీసుకోవాలి. పథకంలో లేని చికిత్సకు సొంత డబ్బు పెట్టుకుంటే ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేసుకోవచ్చు, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ కాగితం పోగొట్టుకోవద్దు. అయితే సహాయనిధి ఇస్తుందిలే అనే ధైర్యంతో ముందు అప్పు చేయకండి. వచ్చేది ఎంతో, ఎప్పుడో చేతిలో ఉండదు.

ఇంటికి వచ్చాక మొదటి రోజు నుంచే నడవాలి. మంచం మీద పడుకోబెట్టి సేవలు చేయడం ప్రేమే గానీ, రక్తం గడ్డ కట్టడానికి అదే దారి. డాక్టర్ చెప్పినన్ని రోజులు కట్టు లేదా సాక్సు తీయొద్దు. కొన్ని వారాలు గంటల తరబడి బస్సు ప్రయాణం పెట్టుకోవద్దు, తప్పదంటే మధ్యలో దిగి నాలుగు అడుగులు వేయండి. డిశ్చార్జ్ కాగితం మీద రాసిన తేదీకి అదే ఆస్పత్రికి, అదే ఆరోగ్యమిత్ర డెస్క్‌కు వెళ్లండి. వెళ్లేటప్పుడు రెండో కాలు కూడా చూడమని చెప్పండి.